డబ్బాలో పిండి

ఆ ఎండాకాలం మా అన్న వీరేశం ఒంటిమీది చొక్కా విప్పలేదు.

గద్వాలలో ఉగాది దాటిందంటే మగ్గం గుంతలో కూర్చునే మగవాళ్లు బనీను కూడా ఉంచుకోరు. రేకుల కింద గాలి ఆడదు. మా నాయన పంచె కట్టుకుని, భుజాన తడి తువ్వాలు వేసుకుని నేసేవాడు. పక్క మగ్గం మీద అన్న మెడ దాకా గుండీలు పెట్టుకున్న నిండుచేతుల చొక్కాతో, చెమటలు కక్కుతూ కూర్చునేవాడు. అన్న పక్కన, అంచు దారం మోసే నాడెను అటు నుంచి అందించడానికి నేను. రెండు వేల ఎనిమిది అది. నాకు పదిహేడేళ్లు, ఇంటర్ పరీక్షలు రాసి ఉన్నాను. అన్నకు ఇరవై ఒకటి.

అంతకుముందు ఏడాది పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు పోయి, ఎత్తులో నెగ్గి, పరుగులో నెగ్గి, ఛాతీ కొలత దగ్గర ఆగిపోయి తిరిగొచ్చాడు. ఎనభై ఆరు పాయింట్ మూడు సెంటీమీటర్లు ఉండాలి. అన్నది ఎనభై నాలుగు.

"పదేండ్ల సంది గుంతల వంగి కూసుంటే ఛాతీ యాడికెళ్లి వస్తది?" అన్నాడు వచ్చిన రోజున, నాయన వినేట్టుగానే. నాయన విన్నాడు, తల దించుకుని నేసుకుంటూ పోయాడు.

కోట వెనక సందులో ఇస్రాయేలు అనే ఆయన జిమ్ నడిపేవాడు. వయసులో ఉన్నప్పుడు బరువులెత్తే పోటీల్లో గెలిచినవాడు. మళ్లీ ఎంపిక జరిగే నాటికి ఛాతీ పెంచాలని అన్న అక్కడ చేరాడు. ఏం తింటావని అడిగితే జొన్నరొట్టె, పప్పు అని చెప్పాడట. మా ఇంట్లో గుడ్డు కూడా ఉండదు. నాయన గురుబోధ తీసుకుని తులసిమాల వేసుకున్నప్పటి నుంచి నీసు గడప తొక్కలేదు.

"అయితే పొడి తాగు తమ్మీ. పాలకెళ్లే తీస్తరు, నీసు గాదు," అని ఇస్రాయేలు ఒక డబ్బా ఇచ్చాడు.

నల్లమూత పెద్ద డబ్బా. మూత తీస్తే ఐస్‌క్రీం వాసన. పొద్దున్నే కలిపే పని నాది. అర లీటరు పాలు, రెండు చెంచాల పొడి, రెండు అరటిపండ్లు, గుప్పెడు చక్కెర. అన్న ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో తాగేవాడు. జిమ్ నుంచి వస్తూ బేకరీలో బన్నులు తినేవాడు. బరువు పెరగాలి కదా. శివరాత్రి నాటికి ఛాతీ ఎనభై ఐదుకు వచ్చింది. ఆ రోజు అన్న నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు.

తర్వాత మొటిమలు లేచాయి.

ముందు దవడల మీద. ఆ తర్వాత మెడ, భుజాలు, వీపు, ఛాతీ. చిన్నవి కావు. రేగుపండంత గడ్డలు, ఎర్రగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. వెల్లకిలా పడుకోలేకపోయేవాడు. మా అమ్మ అమృతమ్మ వేపాకు నూరింది, పసుపు పూసింది, చివరికి అమ్మవారే పోసిందని జమ్ములమ్మకు మొక్కింది. అన్న ఇస్రాయేలును అడిగితే, "వేడి తమ్మీ. మజ్జిగ తాగు. నేను గుడ గదే పొడి తాగుత. నా మొఖం సూడు," అన్నాడట. నిజమే, ఆయన ముఖం కడిగిన ఇత్తడి చెంబులా ఉండేది. దాంతో ఎవరికీ పొడి మీద అనుమానం నిలవలేదు, ఒక్క నాయనకు తప్ప.

"ఆ డబ్బా వచ్చినంకనే ఇది వచ్చింది," అన్నాడు ఒక పూట, అన్నం ముందు కూర్చుని.

అన్న లేచి, నేను కలిపి పెట్టిన గ్లాసు తెచ్చి, నాయన ఎదురుగా నిలబడి తాగాడు. ఖాళీ గ్లాసు కింద పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

వీధిలో మాటలు పుట్టాయి. జిమ్ అని చెప్పి లారీల రోడ్డు మీది ఆడవాళ్ల దగ్గరికి పోతాడని, ఇది ఎయిడ్స్ అనే పెద్దరోగమని. ఆ రోజుల్లో ఆ మాట వింటే మనుషులు పక్కకు జరిగేవాళ్లు. ఎదురింటి లలితమ్మ రోజూ మా కుండలో చల్లనీళ్లు తాగిపోయే మనిషి. ఒకనాడు అమ్మ చెంబు అందిస్తే, "ఇప్పుడే తాగొచ్చిన వదినె," అంది. మర్నాడూ అదే మాట. మూడోనాడు అమ్మ చెంబు అందించలేదు.

ఏప్రిల్ నెలలో ఒక పెళ్లి చీర మగ్గం మీదికి ఎక్కింది. మీగడ రంగు నూలు, దానికి ఎర్ర పట్టు అంచు. షావుకారు రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. పల్లూకు ఇంకా మూరెడు దూరం ఉండగా, నేను నాడె అందిస్తుంటే, అన్న చెమట తుడుచుకోవడానికి మెడ తిప్పాడు. కాలరు ఒరుసుకుని మెడ మీది గడ్డ పగిలింది. అన్నకు తెలియలేదు. నేను చూస్తుండగానే మీగడ రంగు మీద రూపాయి బిళ్లంత మరక పడింది. నెత్తురు, చీము.

నా చేతిలో నాడె ఆగిపోయింది. అన్న నా కళ్లు చూశాడు, తర్వాత బట్ట చూశాడు.

నాయన తన మగ్గం దిగి వచ్చాడు. తువ్వాలు కొస తడిపి, అడుగున చెయ్యి పెట్టి, పసిబిడ్డ ముఖం తుడిచినట్టు అద్దాడు. చాలాసేపు అద్దాడు. ఎరుపు పోయింది కానీ లేత గోధుమ రంగు నీడ ఉండిపోయింది. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది నాకు.

"రేపటి సంది నువ్వు మగ్గం ఎక్కకు," అన్నాడు.

"నేనేమన్న కావాలని చేసిన్నా నాయ్నా?"

"కావాలని చేసినవని అన్నానా? ఎక్కొద్దన్న."

షావుకారు చీర తీసుకోలేదు. తర్వాతి చీరల పడుగు దారం కూడా మా ఇంటికి పంపలేదు. రెండు మగ్గాల చప్పుడుండే ఇంట్లో ఒక్కటే వినిపించసాగింది. అన్న పగలంతా వెనక గదిలో తలుపు వేసుకుని ఉండేవాడు.

ఈ సంగతి ఇస్రాయేలు చెవిన పడ్డట్టుంది, ఒక సాయంత్రం ఇంటికి వచ్చాడు. చెప్పులు బయటే విడిచి, మంచం మీద కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డాడు.

"నర్సింహులు కాకా, నేను కీడు తలిచి ఇయ్యలేదు. హైదరాబాద్ నించి డబ్బా వస్తది, అందరికీ ఇస్త. ఎవలకూ గిట్ల కాలే. ఇందుల ఏం కలుపుతరో నాకు గుడ తెల్వదు. వనపర్తిల చర్మం డాక్టరమ్మ కూసుంటది బేస్తారం. తోల్కపోండ్రి."

నాయన తలూపాడు. కానీ తాను పోలేదు. గురువారం అన్నతో నన్ను పంపాడు.

బస్సులో అన్న కిటికీ వైపు తిరిగి, ముఖానికి రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. దుమ్మనుకుని ఎవరూ ఏమీ అనలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి. చొక్కా తియ్యమంది. అన్న నా వైపు చూశాడు. నేను గోడకు తిరిగాను. ఒక్కో గుండీ ఊడిన చప్పుడు వినిపించింది.

"జిమ్ముల సూదులు ఏమన్న ఇచ్చిన్రా? నిజం చెప్పు. నేను ఎవ్వరికీ చెప్పను."

అన్న వెంటనే బదులియ్యలేదు. మా అన్న నాకు తెలియకుండా ఏమైనా చేసి ఉంటాడని అప్పటిదాకా నేను అనుకోలేదు.

"లేదు మేడం. ఒక్క సూది గుడ లేదు. పొడి ఒక్కటే."

డబ్బా మీది అక్షరాలు నేను కాగితం మీద ఎక్కించి తెచ్చాను. ఇచ్చాను. ఆమె చదివింది.

"పాలు విరిగితే తేట మిగులుతది కదా, దాన్ని ఎండబెట్టి చేసేది ఇది."

"దీనివల్లనే లేచినయా మేడం?" అని అడిగాను గోడకేసి చూస్తూనే.

"అట్ల అని నేను రాసియ్యలేనమ్మా. ఈ వయసుకు మొటిమలు మామూలే. కానీ ఇట్లాంటి పొడి మొదలుపెట్టినంక ఒళ్లంతా లేచి నా దగ్గరికి వచ్చిన పిల్లలున్నరు. ఆపితే కొందరికి తగ్గింది, కొందరికి తగ్గలే. పాలు, చక్కెర, బన్నులు కూడా కొందరికి పడవేమో అంటున్నరు. ఇంకా తేలలేదు. ఆపి చూస్తే నీకే తెలుస్తది బాబూ. రెండు మూడు నెలలు ఆపు."

"నెలలా? నాకు ఇరవై ఐదు దినాలే ఉన్నయ్ మేడం. పోలీసు ఎంపిక కొలత ఉన్నది."

"మరి నువ్వే ఆలోచించుకో. ఉద్యోగం మళ్ల రావచ్చు. ఈ మచ్చలు మాత్రం పోవు."

మాత్రలు, పూతమందు రాసిచ్చింది. బస్టాండులో అన్న రుమాలు కట్టుకుంటూ, "మందు ఏసుకుంట. పొడి ఆపను," అన్నాడు.

"అన్నా, ఆమె చెప్పింది గదా..."

"ఏం చెప్పింది? ఆమెకే తెల్వదంట. తెల్వనిదానికి నేను ఎందుకు ఆపాలె? ఇప్పుడు ఎనభై ఐదున్నర ఉన్నది రాజీ. ఇంకొక్క పిసరు. అంతే."

రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు అన్న జిమ్‌కు పోయినప్పుడు పుట్నాలు, వేయించిన పల్లీలు, జొన్నపేలాలు కలిపి రోట్లో దంచి, జల్లెడ పట్టాను. బేకరీలో వాడే వెనీలా చుక్కల సీసా ఒకటి తెచ్చాను. మొదటి నాలుగు రోజులు సగం పొడి, సగం పిండి. తర్వాత డబ్బాలో మిగిలిన పొడి గుడ్డలో మూటకట్టి, అటక మీద పాత మగ్గం అచ్చుల వెనక దాచాను. డబ్బా నిండా నా పిండే. పాలలో సగం నీళ్లు పోసి, అరటిపండ్లు, చక్కెర తగ్గించాను. అన్న ఎప్పటిలాగే ఊపిరి బిగబట్టి తాగాడు. గ్లాసు నా చేతికి ఇచ్చి మూతి తుడుచుకున్నాడు.

అప్పటి నుంచి ప్రతి పొద్దూ, గ్లాసు అడుగున పేరుకున్న పిండి అన్న చూడకముందే కడిగేసేదాన్ని.

వారం గడిచాక ఒకనాడు అన్న డబ్బా చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది తగ్గుతలేదేంది? ఇస్రాయేలన్న అడుగుతుండు, ఈపాటికి ఖాళీ గావాలె గద అని."

"చెంచా తలకొట్టి ఏస్తున్న," అన్నాను. "ఎక్కువైతే కడుపుల మంట అన్నవని."

"నిండ ఏయ్. రెండు నిండ ఏయ్." మూత తీసి వాసన చూశాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాను. మూత మళ్లీ పడిన చప్పుడు వినిపించాకే ఇటు తిరిగాను.

రెండో వారం దాటాక గడ్డలు ఎండడం మొదలైంది. కొత్తవి లేవడం తగ్గింది. జమ్ములమ్మ కనికరించిందని అమ్మ, మాత్రలు పనిచేశాయని అన్న అనుకున్నారు. నాది నేను అనుకున్నాను. అటక వైపు చూసినప్పుడల్లా నేను గెలిచానని అనిపించేది. అంతలోనే అన్న జిమ్ నుంచి వచ్చి, "ఎనభై ఐదు పాయింట్ తొమ్మిది," అనేవాడు. గెలుపు అక్కడే ఆవిరయ్యేది. ఇంకా నాలుగు పాయింట్లు. నేను పల్లీలు ఎక్కువ దంచాను. దంచుతూ జమ్ములమ్మకు మొక్కాను.

కొలత పాలమూరులో. నాయనను ఎవరూ రమ్మనలేదు. తెల్లవారి తానే ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. సద్దిమూట పట్టుకుని నేనూ బయల్దేరాను.

మైదానం చుట్టూ ఇనుప కంచె. మేం కంచె బయట. లోపల పిల్లలు బారులు తీరి, చొక్కాలు విప్పి చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. వందల కొద్దీ వట్టి వీపులు. వాటి మధ్య ఒక్క నీలం చొక్కా. బారు కదిలే కొద్దీ ఆ నీలం చొక్కా ముందుకు జరుగుతోంది. బల్ల దగ్గర ఉన్నాయన చేత్తో సైగ చేశాడు, తియ్యమని.

అన్న గుండీలు విప్పడానికి చాలాసేపు పట్టింది. చొక్కా భుజాల మీది నుంచి దిగింది. వీపంతా నల్లమచ్చలు, మధ్య మధ్య ఇంకా మానని ఎరుపు. వెనక ఉన్న పిల్లవాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరో నవ్వారు. నా పక్కన నాయన కంచె పట్టుకున్నాడు.

టేపు చుట్టారు. రాశారు. అన్న ఏదో అన్నాడు, రెండోసారి చుట్టారు. ఊపిరి పీల్చమన్నారు, వదలమన్నారు. బల్ల దగ్గరి మనిషి తల అడ్డంగా ఊపాడు.

అన్న చొక్కా చేతిలోనే పట్టుకుని, వేసుకోకుండానే గేటు దాటి వచ్చాడు.

"ఎనభై ఆరు," అన్నాడు.

"ఆరైతే అయినట్టే గద?" అన్నాడు నాయన.

"మూడు పాయింట్లు తక్కువ నాయ్నా."

నాయన తన బొటనవేలు, చూపుడువేలు దగ్గరికి తెచ్చి చూసుకున్నాడు. మూడు మిల్లీమీటర్లు. బట్టలో ఎనిమిది పోగులు పట్టే వెడల్పు. సద్దిమూట విప్పలేదు ఎవరం.

రెండు రోజులు ఎలాగో గడిపాను. మూడోరోజు నాయన ఒక్కడే మగ్గం మీద ఉన్నప్పుడు పోయి పక్కన కూర్చుని, జరిగింది చెప్పాను. పొడి మాన్పించింది నేనే, ముఖం మీద గడ్డలు తగ్గింది అందుకే అన్నాను. మెచ్చుకుంటాడనుకున్నాను. ఆ డబ్బాను చూస్తేనే పడని మనిషి కదా.

ఆయన నాడె పక్కన పెట్టాడు.

"వానికి తెల్సా?"

"తెల్వదు."

"ఆ డబ్బా మోరీల పారేద్దామని నాకు ఎన్నిసార్లు అనిపించిందో నీకు తెల్వదు బిడ్డా. చెయ్యి గుడ పెట్టలే. ఎందుకంటవ్? వాడు దాసి తాగలే. నేను వద్దన్న, నా మొఖం ముందట నిలవడి తాగిండు. తప్పో ఒప్పో వాడు చేసిండు. నువ్వు దాన్ని వాని చేతుల నుంచి గుంజుకున్నవ్, వానికి తెల్వకుంట."

"వాని మంచికే గద నాయ్నా..."

"పో. నాకు కాదు, వానికి చెప్పు."

అన్న పెరట్లో సైకిల్ గొలుసుకు నూనె పెడుతున్నాడు. నిలబడే చెప్పాను. నేను చెబుతున్నంతసేపు గొలుసు మీది నుంచి చూపు తియ్యలేదు.

"ఎన్ని దినాలు?"

"ఇరవై రెండు. అండ్ల నాలుగు దినాలు సగం సగం."

చేతులు పాత బట్టకు తుడుచుకున్నాడు.

"మూడు మిల్లీమీటర్లు రాజీ."

"పొడి తాగితే వస్తుండెనో లేదో ఎవరికి తెల్సు అన్నా? నీ మొఖమైతే తగ్గింది గద."

"నా మొఖం సంగతి నిన్ను అడిగిన్నా?"

అరవలేదు. మామూలు గొంతుతోనే అన్నాడు. సైకిల్ గోడకు ఆనించి లోపలికి పోయాడు. అమ్మ ఎంత అడిగినా ఏం జరిగిందో ఆమెకు చెప్పలేదు. మర్నాడు రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని కొత్తకోటకు పోయాడు. అక్కడ లారీలు బాగుచేసే షెడ్డులో ఇస్రాయేలు బామ్మర్దికి మనుషులు కావాలట. బస్సెక్కేదాకా నాయన వెంట పోయాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వచ్చాక నాయన, "నెలకోసారి వస్తడంట," అని మాత్రం అన్నాడు.

షావుకారు మళ్లీ పడుగు పంపాడు. నాయన నన్ను పిలిచి అన్న మగ్గం చూపించాడు. "కూసో," అన్నాడు. కాలేజీ తెరిచేదాకా అనుకున్నాను. పొద్దున కాలేజీ, సాయంత్రం మగ్గం, అలా మూడేళ్లు నేశాను. గుంతలోకి కాళ్లు దించి వంగి కూర్చున్న మొదటి గంటలోనే ఛాతీ లోపలికి ముడుచుకుపోవడం నాకూ తెలిసింది.

అన్న మొదటి నెల రాలేదు. రెండో నెలా రాలేదు. శ్రావణం చివర్లో లలితమ్మ మా గడపలో నిలబడి, "రాజేశ్వరీ, మీ అన్న మా ఇంటికి ఫోన్ చేసిండు. లైన్ల ఉన్నడు, ఉరుకు," అంది. ఆమె మా గడప దాకా వచ్చి మూడు నెలలు దాటింది.

ఉరికాను. ఫోనులో లారీ హారన్ల మోత.

"రాజీ."

"అన్నా, మంచిగున్నవా?"

"మల్ల లేచినయ్."

"ఏంది?"

"మొటిమలు. ఈపు నిండ. పొడి లేదు, పాలు లేవు. ధాబల తింటున్న, గ్రీసుల పంటున్న. అయినా లేచినయ్. అంటే పొడిది కాదేమో."

పొడిది కాకపోతే నేను చేసిందానికి అర్థమే లేదు. ధాబా నూనెదేమో, గ్రీసుదేమో, మాత్రలు ఆపినందుకేమో అని చెప్పబోయాను. చెప్పలేదు.

"కావచ్చు అన్నా. నాకు తెల్వదు."

"ఆ మాట ఆ దినమే నాతోని అంటే అయిపోతుండె గద."

"అవును. తప్పయింది అన్నా."

చాలాసేపు హారన్లే వినిపించాయి. ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"మల్ల నోటిఫికేషన్ పడుతదంటున్నరు," అన్నాడు. "ఇక్కడ షెడ్డు ఎన్క ఇనుప రాడ్లున్నయ్, పొద్దుగాల ఎత్తుతున్న. నాయ్నకు చెప్పు. ఇగో, ఆ పిండిల ఏమేమి ఏసినవ్? మొత్తం చెప్పు. ఒక్కటి గుడ దాయకు."

చెప్పాను. పుట్నాలు ఎంత, పల్లీలు ఎంత, జొన్నపేలాలు ఎంత. పాలలో కలిపిన నీళ్లు చెప్పాను. తగ్గించిన అరటిపండ్లు, చక్కెర చెప్పాను. వెనీలా చుక్కల సీసా సంగతి కూడా చెప్పాను.

"సీసా గుడనా?" అన్నాడు. ఆ గొంతులో నవ్వు ఉందో లేదో హారన్లలో నాకు తెలియలేదు.

"ఆగు, పెన్ను దొరికింది," అన్నాడు. "ఇప్పుడు మల్ల మొదటి నుంచి చెప్పు. నెమ్మదిగ చెప్పు."